కిలో బియ్యం పద్దు – ఓటరు లెక్క

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పుప్పాలగూడలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“ఇంటి ఆర్థిక పరిస్థితిని బట్టి మనిషి ఓటు మారుతుందా?” అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను రాజకీయశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఖజానా శాఖలో ముప్పై మూడేళ్ళు బిల్లులు పాసు చేసి, పద్దులు సరిచూసి 2013లో రిటైరైనవాణ్ణి. అందుచేత నాకు చేతనైన పద్ధతిలోనే, అంటే పద్దు పద్దుగా, ఈ విషయాన్ని మీ ముందు పెడతాను. ముందే ఒక మనవి. ఏ పార్టీనీ పొగడటానికి గాని, తెగడటానికి గాని ఇది వేదిక కాదు. మన సంఘంలో అన్ని రంగుల వాళ్ళూ ఉన్నారు. సభ అయ్యాక టీ దగ్గర మళ్ళీ అందరం కలిసే కూర్చోవాలి.

బియ్యం పద్దు

మన రాష్ట్రంలో ఆర్థికం, ఎన్నికలు కలిసిన చోటు చూపించమంటే చిన్నపిల్లవాడైనా కిలో బియ్యం ధర చూపిస్తాడు. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు గారు పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తొమ్మిది నెలల పార్టీ అధికారంలోకి రావడానికి ఆత్మగౌరవ నినాదం ఒక కారణమైతే, రెండు రూపాయలకు కిలో బియ్యం మరొక కారణం. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. అయితే ఈ పద్దును అక్కడ మూసేయకుండా కింది వరుసలు కూడా చదవాలి.

1989లో రెండు రూపాయల బియ్యం అలాగే అందుతోంది. అయినా తెలుగుదేశం 74 స్థానాలకు పడిపోయింది; కాంగ్రెసుకు 181 వచ్చాయి. 1994లో మళ్ళీ రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం అన్న మాటలతో తెలుగుదేశం ఒక్కటే 216 గెలిచింది. కాంగ్రెసు 26తో మిగిలింది. 1996లో బియ్యం ధర మూడున్నర రూపాయలైంది, 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. లెక్క ప్రకారం 1999లో ఆ పార్టీ ఓడిపోవాలి. కాని 180 స్థానాలతో గెలిచింది. తరువాత ధర అయిదు రూపాయల పావలాకు చేరింది. 2008లో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం దాన్ని తిరిగి రెండు రూపాయలకు దించింది. 2009లో కాంగ్రెసు 156తో నిలబడింది. 2011 నవంబరులో కిలో రూపాయి చేశారు. అంతకంటె చవకగా ఎవరివ్వగలరు? అయినా 2014లో రెండు రాష్ట్రాల్లోనూ కాంగ్రెసు ఓడిపోయింది. దానికి రాష్ట్ర విభజన పెద్ద కారణమనుకోండి. కాని రూపాయి బియ్యం ఆ గాలికి అడ్డు నిలవలేదన్నది కూడా నిజమే.

అయితే ఈ పద్దులో లెక్క కుదరదా? కుదురుతుంది. కాకపోతే మనం చూడవలసింది ధర కాదు. ఇచ్చినది కొన్నాళ్ళకు హక్కయి కూర్చుంటుంది. హక్కుకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు. నెలనెలా పెన్షను పడుతుంటే మనమేమైనా ఖజానా అధికారికి దండం పెడుతున్నామా? తీసేసినది మాత్రం గాయమవుతుంది. ఆ గాయం ఎన్నికల దాకా మానదు.

మన ఉద్యోగులకే జరిగిన ఉదాహరణ చెబుతాను. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించారు. ఆ వయసు దాటినవారు ఉన్నపళాన ఇళ్ళకు వెళ్ళారు. పిల్లల పెళ్ళిళ్ళు, ఇంటి అప్పులు అన్నీ 58 లెక్కన వేసుకున్న కుటుంబాలవి. మీలో కొందరికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. 1984 ఆగస్టులో వయసు మళ్ళీ 58 అయింది, కాని మాట మాత్రం మిగిలిపోయింది. 1986లో యాభై మూడు రోజుల సమ్మె జరిగింది. 1989 ఓటమికి ఉద్యోగుల కోపం ఒక్కటే కారణమంటే అతిశయోక్తి. కాని ఆ ఓటమి కారణాల జాబితాలో అది లేదని ఎవరూ అనరు.

సగటు ఓటు వేయదు

ఇక రెండో పద్దు. ఇది మన గుమ్మం ముందరిది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పటికి పుప్పాలగూడ అంటే రాళ్ళగుట్టల మధ్య ఒక పల్లె. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2018లో ఊరు మణికొండ మునిసిపాలిటీలో కలిసింది. 2023 ఆగస్టులో మన పక్క కోకాపేటలో ప్రభుత్వ వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. పాతికేళ్ళలో ఇంతటి మార్పు చూసిన ఊళ్ళు దేశంలో ఎన్నో ఉండవు. ఇది నిజమైన అభివృద్ధి. మన పిల్లల్లో చాలామంది ఉద్యోగాలు ఇక్కడివే. నేను దీన్ని తక్కువ చేయను.

మరి ఈ అభివృద్ధికి పునాది వేసిన ప్రభుత్వం 2004లో ఎందుకు ఓడిపోయింది? ఓడిపోవడమంటే అలా ఇలా కాదు. 294లో తెలుగుదేశానికి 47. కాంగ్రెసుకు 185, దానితో పొత్తు పెట్టుకున్న తెలంగాణ రాష్ట్ర సమితికి 26. ఢిల్లీలో కూడా “భారత్ వెలిగిపోతోంది” అని ప్రచారం చేసుకున్న ప్రభుత్వం అదే నెలలో దిగిపోయింది.

సైబర్ టవర్స్ అద్దాలు మెరుస్తున్న ఆ సంవత్సరాల్లోనే పల్లెల్లో వరుస కరువులు. బోర్లు ఎండిపోయాయి. ఒకటి ఎండితే మరొకటి, దానికి అప్పు, ఆ అప్పుకు వడ్డీ. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్ దగ్గర ఆందోళనకారుల మీద కాల్పులు జరిగాయి. పాలమూరు నుంచి కూలీలు వలస వచ్చి ఈ సైబరాబాదు భవనాలకే ఇటుకలు మోశారు. రైతుల ఆత్మహత్యలు పత్రికల్లో రోజువారీ వార్తలయ్యాయి. 2003 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి గారు మనకు దగ్గర్లోని చేవెళ్ళ నుంచే ఇచ్ఛాపురం దాకా పాదయాత్రకు బయలుదేరారు. 2004 మే 14న ప్రమాణస్వీకారం చేసి, రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. ఆ ఏడాదే రైతు సంక్షేమం మీద జయతీ ఘోష్ గారి అధ్యక్షతన కమిషన్ వేశారు.

అందుచేత రాష్ట్ర ఆదాయం పెరిగిందా లేదా అన్న ప్రశ్నకు ఓటరు దగ్గర విలువ తక్కువ. సగటు ఆదాయం ఒక అంకె. దానికి ఓటరు కార్డు లేదు. నా జీతం పది వేలు పెరిగి, మా ఇంటి ముందు ఇస్త్రీ చేసే మనిషి సంపాదన వెయ్యి తగ్గినా సగటు పెరిగినట్టే చూపిస్తుంది. కాని పోలింగు కేంద్రంలో ఆయనదీ ఒక ఓటే, నాదీ ఒక ఓటే.

ఇదే బొమ్మ 2023లో తిరగబడి కనిపించింది. నవంబరు 30న తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగింది. 119లో కాంగ్రెసుకు 64 వచ్చి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. అలా గెలిచిన పార్టీకి గ్రేటర్ హైదరాబాదు పరిధిలోని 24 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. మన రాజేంద్రనగరు, పక్కనున్న శేరిలింగంపల్లి కూడా అధికారంలో ఉన్న భారత రాష్ట్ర సమితినే గెలిపించాయి. ఫ్లైఓవర్లు, రోడ్లు, పెరిగిన స్థలాల ధరలు చూసిన ప్రాంతం ఒక తీర్పు చెప్పింది. జిల్లాలు మరొక తీర్పు చెప్పాయి.

మా అపార్టుమెంటు వాచ్‌మన్ నారాయణపేట వైపు మనిషి. ఓటు ఊళ్ళోనే ఉంది. ఆ పోలింగుకు భార్యాభర్తలిద్దరూ సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్ళి వేసి వచ్చారు. “రైతుబంధు వస్తుంది గదా, మీకేం తక్కువ?” అని అడిగాను. “కౌలు భూమి సార్ మాది. పైసలు పట్టా ఉన్నోళ్ళ ఖాతాల పడ్తయి. దున్నేది మేము” అన్నాడు. 2018 మేలో ఎకరానికి నాలుగు వేల రూపాయలతో మొదలైన ఆ పథకం ఎంతోమంది చిన్న రైతులకు పెట్టుబడికి ఆసరా అయింది. ఆ డిసెంబరు ఎన్నికల్లో 88 స్థానాలు రావడానికి అదీ ఒక కారణం. కాని దానికి ఎకరాల పరిమితి లేదు, కౌలు రైతుకు చోటు లేదు. ఎంత ఇచ్చారన్నది ప్రభుత్వం లెక్క. పక్కవాడికి వచ్చి నాకెందుకు రాలేదన్నది ఓటరు లెక్క. మా పై అంతస్తులో ఉండే కుర్రవాడు మంచి కంపెనీలో పని చేస్తాడు. బూతు మూడు సందుల అవతలే, అయినా వెళ్ళలేదు. రాష్ట్రంలో పోలింగు 70 శాతం దాటితే హైదరాబాదు జిల్లాలో సగానికి కూడా చేరలేదు. ఓటు విలువ ఎవరికి బాగా తెలుసో మీరే ఆలోచించండి.

ఐరోపా వాళ్ళూ ఇంతేనా?

ఇది చదువు తక్కువైన చోట జరిగే సంగతి అనుకునేవారి కోసం ఐరోపా దేశాల సంగతి కొంచెం చెబుతాను. అక్కడి ఎన్నికల మీద పండితులు చాలాకాలంగా పరిశోధన చేస్తున్నారు. 1988లో మైకేల్ లూయిస్-బెక్ అనే ఆచార్యుడు పశ్చిమ ఐరోపా ప్రజాస్వామ్యాలను పరిశీలించి ఒక పుస్తకం రాశారు. ఓటరు తన జేబు కంటె దేశం మొత్తం ఆర్థిక స్థితి ఎటు పోతోందన్న అభిప్రాయాన్ని బట్టి ఎక్కువగా ఓటు వేస్తాడని ఆయన తేల్చారు. అంటే ఓటరు మరీ అంత స్వార్థపరుడు కాడన్నమాట. ఇక మనకు బాగా అర్థమయ్యే మూడు ఉదాహరణలు చూద్దాం. మూడింటిలోనూ పెన్షనర్లు ఉన్నారు.

గ్రీసు దేశంలో పాసోక్ అనే పార్టీకి 2009లో దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. దేశం అప్పుల్లో మునిగింది. అప్పిచ్చినవాళ్ళ షరతులకు లోబడి జీతాలు, పెన్షన్లు కోశారు. 2015 జనవరిలో అదే పార్టీకి అయిదు శాతం కూడా రాలేదు.

పోలండులో 2012లో పదవీ విరమణ వయసును 67కి పెంచుతూ చట్టం చేశారు. 2015లో ఆ ప్రభుత్వం ఓడింది. కొత్తగా వచ్చిన పార్టీ 2016 నుంచి పిల్లల పేరిట నెలకు 500 జ్లోటీలు ఇచ్చింది, 2017లో వయసును మగవారికి 65కి, ఆడవారికి 60కి తగ్గించింది. మన దగ్గర వయసు తగ్గిస్తే కోపం వచ్చింది, అక్కడ పెంచితే వచ్చింది. చూడటానికి విరుద్ధంగా ఉన్నా విషయం ఒకటే. మనిషి తన బతుకుకు వేసుకున్న లెక్కను పైనుంచి ఎవరో మార్చేశారు. మరి ఇన్ని ఇచ్చిన పార్టీ శాశ్వతంగా నిలిచిందా? 2023 ఫిబ్రవరిలో అక్కడ ధరల పెరుగుదల 18 శాతం దాటింది. ఆ అక్టోబరు ఎన్నికల్లో అది మెజారిటీ పోగొట్టుకుంది.

బ్రిటనులో పెన్షనర్లకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఏటా 200 నుంచి 300 పౌండ్లు ఇచ్చేవారు. 2024 జూలైలో, గెలిచిన నెలలోనే, కొత్త ప్రభుత్వం దాన్ని నిరుపేదలకే పరిమితం చేసింది. సుమారు కోటిమంది దాన్ని కోల్పోయారు. 2025 మే స్థానిక ఎన్నికల్లో పాలకపక్షం గట్టిగా దెబ్బతిన్నది. జూన్‌లో ఆ నిర్ణయాన్ని చాలావరకు వెనక్కు తీసుకుంది. అక్కడి ముసలివాళ్ళ చలి, ఇక్కడి బియ్యం గింజ, రెండూ ఒకే భాష మాట్లాడాయి.

జేబు ఒక్కటే కాదు

ఇంత చెప్పినా, ఓటు మొత్తం ఆర్థికమే అంటే తప్పు. 1977లో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోతే ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసుకిచ్చింది. 1984 డిసెంబరులో దేశమంతా ఇందిరాగాంధీ గారి హత్య సానుభూతితో ఊగిపోతే ఇక్కడ తెలుగుదేశం 30 గెలిచింది. తెలంగాణ ఉద్యమంలో నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడూ ఆర్థికమైన మాటలే. కాని వాటి వెనక ఉన్న అభిమానం డబ్బు లెక్కకు అందేది కాదు.

ఇచ్చిన డబ్బు ఓటుగా తిరిగి వస్తుందన్న నమ్మకం కూడా ఎన్నోసార్లు వమ్మయింది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షను రెండు వేలు చేశారు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకు పసుపు-కుంకుమ పేరుతో పదేసి వేలు ఇచ్చారు. తెలుగుదేశానికి 23 వచ్చాయి. 151తో గెలిచిన వైయస్సార్ కాంగ్రెసు అయిదేళ్ళు బటన్ నొక్కి ఖాతాల్లో డబ్బు వేసింది. 2024లో దానికి 11 వచ్చాయి. మధ్యలో 2022 ఫిబ్రవరిలో పి.ఆర్.సి. మీద ఉద్యోగులు వేలాదిగా విజయవాడ వీధుల్లోకి వచ్చిన సంగతి మీకు తెలుసు. డబ్బు అందుకున్న చేయి కూడా “మా పిల్లవాడికి ఉద్యోగం ఎప్పుడు?” అని అడుగుతుంది. నిన్నటి ఉపకారం కంటె రేపటి భయం బరువైనది.

మన ఓటు సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇవాళ డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు నీడనే మనం బతుకుతున్నాం. కాని 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన మన రాష్ట్రోద్యోగులు ఆ నీడలో లేరు. మా కోడలు టీచరు. ఇరవై ఏళ్ళ తరువాత తనకు ఎంత వస్తుందో ఆమె చెప్పలేదు, ఆమె తరఫున లెక్క వేయబోతే ఖజానాలో పని చేసిన నేనూ చెప్పలేకపోయాను. ఒకే ఇంట్లో, ఒకే సర్కారు ఉద్యోగానికి, రెండు వృద్ధాప్యాలు.

కాబట్టి పాత పెన్షను ఇస్తామన్నవారికి కళ్ళు మూసుకుని ఓటేద్దామా? హిమాచల్ ప్రదేశ్ వైపు చూడండి. 2022 డిసెంబరులో పాత పెన్షను హామీ ఇచ్చిన పార్టీ గెలిచింది, మాట నిలబెట్టుకుంది. మంచిదే. కాని 2024 సెప్టెంబరులో ఖజానాలో డబ్బు సర్దుబాటు కాక అక్కడ జీతాలు 5వ తేదీకి, పెన్షన్లు 10వ తేదీకి జరిగాయి. హక్కు కోర్టు ఇస్తుంది, హామీ మానిఫెస్టో ఇస్తుంది, ఒకటో తేదీన డబ్బు వేయవలసింది మాత్రం ఖజానా. ఆ గది లోపల ముప్పై మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను. అందులో మన పెన్షను పద్దు పక్కనే రేషను బియ్యం పద్దు ఉంటుంది, బడి పద్దు, ఆసుపత్రి పద్దు ఉంటాయి. 2025 ఉగాదికి తెలంగాణలో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. అదీ ఆ పెట్టెలోంచే. పెట్టె ఒక్కటే.

అందుచేత ఓటు అడగడానికి మన గుమ్మంలోకి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ వారైనా సరే, మూడు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి: ఇస్తానన్నది ఏ పద్దులోంచి ఇస్తారు? రెండు: అది ఎవరికి అందదు? మూడు: అయిదేళ్ళ తరువాత కూడా ఒకటో తేదీన ఇవ్వగలరా? “కరువు భత్యం ఎప్పుడిస్తారు?” అన్న ప్రశ్న కూడా తప్పకుండా అడుగుదాం. అది మన హక్కు. కాని అదొక్కటే అడిగితే, రేపు మన పెన్షను మీద కత్తి పడ్డ రోజున మన పక్షాన మాట్లాడటానికి కౌలు రైతూ రాడు, నిరుద్యోగీ రాడు. “వాళ్ళకేం, సర్కారు పెన్షను తింటున్నారు” అంటారు. మన గురించి నలుగురూ ఆ మాట అనకుండా చూసుకోవడం కూడా మన పెన్షను భద్రతలో భాగమే.

చివరిగా ఇళ్ళలోని యువతకు ఒక మాట. మీకు తీరిక లేదని తెలుసు. కాని పల్లె నుంచి వచ్చిన మనిషి రెండు రోజుల కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వెళ్ళి ఓటు వేస్తున్నాడు. మీ బూతు నడిచి వెళ్ళే దూరంలో ఉంది. ఈసారి జాబితాలో పేరు ఉందో లేదో మీరు చూడండి, మాదీ చూసి పెట్టండి. నడవలేని పెద్దలను బూతు దాకా తీసుకువెళ్ళే బాధ్యత మన సంఘం ఇప్పటి నుంచే పంచుకుంటే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను.